వరద దిగిన ఇంటిని బాగు చేసుకోవడం ఎలా: ముందు బురద, తర్వాత కరెంటు, అన్నిటికంటే చివర రంగు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున విజయవాడలో మా సింగ్‌నగర్ వీధిలోకి బుడమేరు వాగు వచ్చింది. గుమ్మం దగ్గర చీలమండల లోతున్న నీళ్లు, పిల్లల్ని లేపి వాళ్ల పుస్తకాల సంచులు మంచం మీద పెట్టేలోపు మోకాళ్లకి వచ్చాయి, మధ్యాహ్నానికి నడుము దాటాయి. అత్తయ్యగారిని, పిల్లల్ని తీసుకుని మేడ మీద వాటావాళ్ల దగ్గర తలదాచుకున్నాం. ఆ ఏడు వినాయక చవితి నీళ్ల మధ్యే అయిపోయింది. మళ్లీ మా ఇంట్లో కాలు పెట్టేసరికి పదో రోజు. బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అని ఊరికే అనలేదు.

ఇల్లు మళ్లీ ఇల్లులా అవడానికి మాకు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ఖర్చులో మంచి భాగం మాత్రం నా తొందర వల్లే పోయింది, దసరాకల్లా గోడలు తెల్లగా కనబడాలని పట్టుబట్టి రంగులు వేయించేశాను. కార్తీకమాసం వచ్చేసరికి హాలు గోడ మీద అప్పడం పొంగినట్టు బుడగలు, వేలితో నొక్కితే లోపల తడి. ఖమ్మంలో మున్నేరు పక్కన ఉండే మా చెల్లి ఇల్లు కూడా అవే రోజుల్లో మునిగింది, తనకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఏ పని తర్వాత ఏ పని అన్నది చాలా ముఖ్యం, దయచేసి ఆ వరస మార్చొద్దు.

గడప దాటే ముందు

వీధిలో నీళ్లు తగ్గాయి కదా అని తలుపు తోసుకుని వెళ్లిపోకండి. ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ప్రహరీ ఒరిగిందా, పునాది దగ్గర మట్టి కోసుకుపోయి గొయ్యి పడిందా, మూలల్లో మొన్నటిదాకా లేని పగులేదైనా వచ్చిందా. ఒరిగిన ప్రహరీ పక్కనుంచి నడవొద్దు, పిల్లల్ని అసలే వెళ్లనివ్వొద్దు. నానిన మట్టిలో నిలబడ్డ గోడ నీళ్లు పోయిన నాలుగు రోజులకి, ఎండ కాస్తున్నప్పుడు కూడా పడిపోవచ్చు.

తర్వాత కరెంటు. మెయిన్ ఆఫ్ చేయడానికి నీళ్లలో నిలబడాల్సి వస్తే ఆ పని మీరు చేయొద్దు. మీటరే మునిగి ఉంటే దాని జోలికి పోకుండా 1912కి ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర కనెక్షన్ తీసేదాకా బయటే ఉండండి. వీధి మొత్తం కరెంటు లేదు కాబట్టి పర్లేదు అనుకునేవాళ్లు చాలామంది, కానీ లైను ఏ నిమిషంలో ఇస్తారో మనకి తెలియదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లు ఇంకా ప్రమాదం, ఎందుకంటే వీధి లైను పోయినా బ్యాటరీలో కరెంటు అలాగే ఉంటుంది, దాని తీగలు ఎలక్ట్రీషియన్ చేతే తీయించండి.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చేసి తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉంచండి. నీళ్లలో తేలిన సిలిండర్ని ఏజెన్సీవాళ్లకి చూపించకుండా వాడొద్దు, రెగ్యులేటర్, ట్యూబు రెండూ మార్చేయడమే మంచిది. కాళ్లకి గమ్ బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. పాములు వంటగట్టు కింద, బీరువా వెనక, నానిన బట్టల కుప్పలో చేరతాయి, అందుకే ఏ వస్తువునీ నేరుగా చేత్తో ఎత్తొద్దు. కరిస్తే కోయడాలు, బిగించి కట్టడాలు ఏమీ చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. గాజుపెంకు గుచ్చుకున్నా సరే టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి, ఎలుక జ్వరం రాకుండా మాత్ర అవసరమా అని డాక్టర్ని అడగండి.

చీపురు పట్టేముందు ఫోను పట్టండి

ఇల్లంతా ఆ బురదతో అలాగే ఉన్నప్పుడే ఫోటోలు, వీడియో తీయాలి. ఆ స్థితిలో చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది, వెంటనే కడిగేయాలనిపిస్తుంది, అయినా ఒక అరగంట ఆగండి. ప్రతి గదిలో గోడ మీద నీటి గీత కనబడుతుంది, దాని పక్కన టేపు పెట్టి ఎన్ని అడుగులో తెలిసేలా ఫోటో తీయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనక ఉండే స్టిక్కర్ మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు కూడా తీసి పెట్టుకోండి.

మా వరదకి గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకి 10,000 రూపాయలు ప్రభుత్వం ప్రకటించింది. నష్టం లెక్క రాసుకోవడానికి (ఎన్యూమరేషన్‌కి) వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని, గోడ కడిగేశాక ఆ మాటకి మీ దగ్గర ఏ రుజువూ ఉండదు. ఇన్సూరెన్స్ సంగతీ అంతే. హోమ్ లోన్ ఉన్నవాళ్లయితే ఒకసారి ఆ ఫైలు వెతకండి, లోను ఇచ్చేటప్పుడు బ్యాంకు ఇంటి మీద పాలసీ తీయించి ఉండొచ్చు, చాలామందికి అది ఉన్న సంగతే గుర్తుండదు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఇస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద నష్టం ఉంది, అందులో ఇంటికి బీమా తీసుకుంటే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంట్లో మామూలు సామానుకి కూడా వర్తిస్తుంది. ముందు కంపెనీకి ఫోన్ చేసి చెప్పి, సర్వేయర్ చూసేదాకా పాడైన వస్తువుల్ని బయట ఒక మూల పెట్టి ఉంచండి. పారేయక తప్పని పరుపుల్లాంటివి ఫోటో తీసి పారేయండి.

బండి మునిగితే సెల్ఫ్ కొట్టొద్దు, తాళం కూడా తిప్పొద్దు. తోయించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

బురద ఎత్తడం

ఇది తడిగా ఉండగానే అయిపోవాలి. బుడమేరు ఒండ్రు నల్లగా, జిగురుగా ఉంటుంది, రెండెండలు తగిలితే పలకలు కట్టి టైల్స్‌కి అతుక్కుపోతుంది. పార, తట్ట, వైపర్, పాత బియ్యం సంచులు, ఇంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. లోపలి గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం వైపు లాక్కుంటూ రండి. దానికంటే ముందు బాత్‌రూమ్ జాలీలు, సింకు కన్నాలు, అన్నింట్లో పాతగుడ్డ కుక్కేయండి. మేం ఇది చేయలేదు. బక్కెట్ల కొద్దీ నీళ్లు కొట్టి బురదంతా బాత్‌రూమ్‌లోకి తోసేస్తే అది పైపులో గడ్డకట్టి, తర్వాత నేల పగలగొట్టి పైపు మార్చాల్సి వచ్చింది.

మా వీధికి ఫైరింజన్ వచ్చి ఇళ్లు కడిగినప్పుడు ప్రాణం లేచొచ్చింది. అలా పైపు దొరికితే గోడల్ని పైనుంచి కిందికి కడగండి, నీటి గీత మీద ఒక అడుగు ఎత్తు నుంచి మొదలుపెట్టండి, స్విచ్ బోర్డుల మీదికి మాత్రం జోరుగా కొట్టొద్దు. చాలామంది మర్చిపోయే చోట్లు కొన్నున్నాయి: స్లైడింగ్ కిటికీల కింద గాడి, ద్వారబంధం గడపలో దిగే చోటు, వంటగట్టు కింద వెనక మూల, మంచం కోళ్ల గొట్టాల లోపల. మా ఇంట్లో నెలరోజుల దాకా ఒక వాసన పోలేదు, ఎక్కడిదో అంతు పట్టలేదు, చివరికి చూస్తే స్టీలు మంచం కాళ్ల గొట్టాల నిండా మురుగు.

కడగడం, బ్లీచింగ్

బురద మీద బ్లీచింగ్ చల్లితే దండగ, మట్టిలోనే దాని బలమంతా అయిపోతుంది. ముందు సబ్బు నీళ్లతో రుద్ది, మంచినీళ్లతో కడిగాకే బ్లీచింగ్. 33 శాతం క్లోరిన్ ఉండే బ్లీచింగ్ పౌడర్ అయితే 10 లీటర్ల బక్కెట్‌కి 150 గ్రాములు వేసి, కర్రతో కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. అడుగున సున్నంలా పేరుకుంటుంది, పైన తేరిన నీళ్లతోనే నేల, టైల్స్, గోడ కింది భాగం తడిపి, కనీసం పది నిమిషాలు ఉంచి కడిగేయండి. ఎప్పుడో విప్పి పెట్టిన ప్యాకెట్‌లో పస ఉండదు, కొత్తది కొనండి. చేతికి గ్లౌజులు, కిటికీలన్నీ తెరిచి.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నాను. బ్లీచింగ్, బాత్‌రూమ్ యాసిడ్ ఒకే రోజు ఒకే గదిలో వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. మురికి పోవడం లేదని బ్లీచింగ్ పోసిన నేల మీదే యాసిడ్ పోసేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. బాత్‌రూమ్ చిన్న గది, తలుపు వేసి ఉంటే మనిషి కుప్పకూలిపోతుంది.

తిండి సామాను విషయంలో మనసు చంపుకోవాలి. బియ్యం, పప్పులు, మందులు, మూత తిప్పే డబ్బాల్లోవి కూడా, మునిగాయంటే పారేయడమే. అత్తయ్యగారు ఆ వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీ దగ్గర కూర్చుని, పైన వాసెన గుడ్డ కట్టే ఉంది కదా, నూనె పైకి తేలే ఉంది కదా అని అడిగారు. గుడ్డ మురుగునీటిని ఆపదు. నేనే తీసుకెళ్లి గుంటలో పోసి, జాడీ బ్లీచింగ్ నీళ్లలో కడిగి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను. ఆ జాడీ మళ్లీ పై వేసవికి పనికొచ్చింది.

సంపు, సెప్టిక్ ట్యాంకు

వీధిలో నీళ్లు ఇంకా నిలిచి ఉండగా సంపు మొత్తం తోడేయొద్దు. చుట్టూ నేల నీళ్లతో బరువెక్కి ఉంటుంది, లోపల ఖాళీ అయ్యేసరికి ఆ ఒత్తిడికి ఇటుక గోడ పగలొచ్చు, తొట్టి పైకి లేవనూ వచ్చు. సెప్టిక్ ట్యాంకుకీ ఇదే మాట. చుట్టుపక్కల నీళ్లు బాగా దిగాక తోడించి, బురద ఎత్తించి, గోడలు రుద్ది కడగండి. సంపులోకి మనిషిని దింపేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, పైన ఇంకొకరు ఉండాలి. సెప్టిక్ ట్యాంకులోకి ఎవర్నీ దింపొద్దు, దానికి మెషీన్ బండి పిలిపించండి.

సంపు నింపాక 1,000 లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ లెక్కన బక్కెట్‌లో కలిపి, తేట మాత్రం పోసి, ఒక రాత్రంతా ఉంచండి. ఆ నీళ్లే మోటారుతో పై ట్యాంకుకి ఎక్కించి అన్ని కుళాయిలూ తిప్పితే పైపులు కూడా శుభ్రమవుతాయి. తర్వాత మొత్తం వదిలేసి కొత్త నీళ్లు పట్టుకోండి. తాగడానికి మాత్రం కొన్నాళ్లు కాచిన నీళ్లే.

కరెంటు మళ్లీ ఇచ్చే ముందు

స్విచ్ బోర్డులు మునిగితే పైకి ఆరినట్టు కనబడినా లోపల బురద ఉంటుంది. బోర్డులన్నీ విప్పించండి. స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు మునిగినవన్నీ కొత్తవి వేయాల్సిందే, కడిగి ఆరబెట్టి వాడదాం అంటే ఒప్పుకోవద్దు. గోడ లోపల పైపుల్లో నీళ్లు వంపుల దగ్గర నిలిచిపోతాయి, తీగలు బయటికి లాగించి, పైపు ఊదించి, జాయింట్లన్నీ చూపించాలి. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్, అంటే తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఉందో లేదో ముందే అడగండి, టెస్టర్ పెట్టి బాగుంది అంటే సరిపోదు. మెగ్గర్‌తో ప్రతి లైనూ చూడాలి, ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన లైను ఆరేదాకా కనెక్షన్ ఇవ్వొద్దు. ఎలాగూ బోర్డు విప్పారు కాబట్టి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి, తడి గోడల ఇంట్లో కరెంటు ఎక్కడైనా లీకై మనిషికి తగిలితే అది క్షణంలో ట్రిప్ అవుతుంది. ఖర్చులు ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ వచ్చినా, ఇక్కడ మాత్రం తగ్గించలేదు మేము.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మిక్సీ, గ్రైండర్ ఏదీ ప్లగ్ పెట్టి చూడొద్దు. చూద్దాం అని ఒక్కసారి స్విచ్ వేయడంతోనే బాగయ్యే మోటారు కూడా కాలిపోతుంది. మంచినీళ్లతో కడిగి, విప్పి, ఆరబెట్టాక మెకానిక్ చూడాలి.

చెక్క, పట్టు, కాగితం

టేకు తలుపులు, ద్వారబంధాలు బతుకుతాయి, తొందరపడకపోతే. నీళ్లు తాగి ఉబ్బిన తలుపు మూసుకోవడం లేదని వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించొద్దు. మా వెనకింటి పిన్నిగారు అదే చేయించారు, జనవరికల్లా చెక్క ఆరి మళ్లీ సైజుకొచ్చింది, ఇప్పుడు తలుపుకీ బంధానికీ మధ్య వేలు దూరేంత సందు. తలుపు ఊడదీసి, నీడలో, రెండు పక్కలా గాలి తగిలేలా ఇటుకల మీద పడుకోబెట్టండి. ఎండలో నిలబెడితే వంకర తిరుగుతుంది. ఫ్లష్ డోర్లు, వంటింటి కింది అరల పార్టికల్ బోర్డు మాత్రం టీలో ముంచిన బిస్కెట్టే, వాటి మీద ఆశ వదులుకోండి.

దూది పరుపులు, దిండ్లు పోయినట్టే. పట్టుచీరలు తడిగా ఉండగానే విడదీసి చల్లటి మంచినీళ్లలో రెండు మూడుసార్లు జాడించి నీడలో ఆరేయండి, రంగు దిగే చీరని వేరే చీరతో కలపకుండా. తడి మడత మీద ఒక్క రాత్రి ఉన్నా జరీ నల్లబడుతుంది.

కాగితాల గురించి కాస్త ఓపిగ్గా వినండి. బీరువా లాకర్‌లో మా ఇంటి దస్తావేజులు, మా ఆయన డిగ్రీ సర్టిఫికెట్లు, పిల్లల పుట్టినరోజు ఫోటోల ఆల్బమ్ అన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. అన్నీ ఒకేరోజు ఆరబెట్టడం ఎవరివల్లా కాదు, రెండో రోజుకి బూజు మొదలవుతుంది. అప్పుడు చేయాల్సిన పని, చల్లని మంచినీళ్లలో నెమ్మదిగా ముంచి బురద వదిలించి, పాలిథిన్ కవర్లో పెట్టి, కరెంటున్న ఎవరింట్లోనైనా డీప్ ఫ్రీజర్లో పెట్టేయడం. గడ్డకట్టిన కాగితానికి బూజు పట్టదు, తర్వాత తీరుబడిగా కొన్ని కొన్ని తీసి, వేడి తగలకుండా, ఫ్యాను గాలికి, మధ్యలో అచ్చు లేని తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టుకోవచ్చు. ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుంటే పొడిగా లాగొద్దు, మంచినీళ్లలో నానబెడితే వాటంతట అవే వదులుతాయి. ఆరేశాక విడదీద్దాం అనుకుంటే బొమ్మ ఊడి పక్క ఫోటోకి వెళ్లిపోతుంది. రిజిస్టర్డ్ దస్తావేజు చదవలేనంతగా పోతే కంగారు పడకండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఇస్తారు.

గోడలు, అసలు పని ఇదే

మంచి ఇటుక కూడా తన బరువులో 20 శాతం దాకా నీళ్లు తాగుతుంది. మూడు కిలోల ఇటుకలో అరలీటరు పైనే అన్నమాట. నడుము ఎత్తు నీళ్లు పది రోజులు నిలబడ్డ గోడలో ఎన్ని ఇటుకలున్నాయో లెక్కపెట్టుకోండి, ఆ నీళ్లన్నీ గోడ పైపొరలోంచే బయటికి రావాలి. పుట్టీ, ఎమల్షన్ ఆ దారిని మూసేస్తాయి. నేను దసరాకి చేసిన తప్పు అదే, తడి గోడ మీద కొత్త పుట్టీ పూయించాను. బుడగలు వచ్చాక ఇంకో మేస్త్రిని పిలిస్తే ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచి, "ఇంకా చెమట పడుతోందమ్మా ఇది. ఒంటి మీద చెమట ఆరకుండా రెయిన్‌కోటు తొడిగితే ఎట్టా ఉంటది?" అన్నాడు.

కాబట్టి ఇలా చేయండి. ముందు పాత రంగు, పుట్టీ రెండూ గీకించేయండి, నీటి గీత వరకే కాదు, దాని మీద ఇంకో అడుగున్నర దాకా, ఎందుకంటే ఇటుక నీళ్లని పైకి పీల్చుకుంటుంది. బూజు పట్టిన చోట పొడిగా గీకితే గదంతా ఎగురుతుంది, కాస్త తడిపి, మాస్కు పెట్టుకుని, సబ్బు నీళ్లతో తుడిచి తీయాలి. ఆయాసం ఉన్నవాళ్లని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు. తర్వాత ప్లాస్టర్ మీద చిన్న సుత్తి కాడతో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా మోగితే ఉంచేయండి, డొల్లగా మోగితే ఆ ముక్క ఇటుక కనబడేదాకా కొట్టించేయండి.

ఇక ఆరడం. అంగుళం మందానికి ఒక నెల అని ఒక మోటు లెక్క ఉంది. నాలుగున్నర అంగుళాల లోపలి గోడలు రెండు పక్కలా గాలి తగిలి త్వరగా ఆరతాయి, తొమ్మిదంగుళాల బయటి గోడలకి నెలలు పడుతుంది. మనకి అక్టోబర్, నవంబర్లలో మళ్లీ వానలు, గాలిలోనే తేమ ఉంటుంది, నిజంగా ఆరడం జనవరి నుంచి మొదలై మార్చి ఎండలకి ఊపందుకుంటుంది. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎదురెదురు కిటికీలు తెరవండి, వాన పడుతుంటే మూసేయండి. ఫ్యానుని గోడకి ఏటవాలుగా తిప్పి పెట్టండి. బీరువా, మంచం, సోఫా ఏదైనా గోడకి అడుగు దూరం జరపండి. ఏసీ ఉంటే అదీ తేమ లాగుతుంది. త్వరగా ఆరాలని గది మూసి బొగ్గుల కుంపటి పెట్టేవాళ్లున్నారు, వద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు, తెలియకుండానే ప్రాణం పోతుంది.

ఆరుతున్నకొద్దీ గోడ మీద తెల్లగా ఉప్పు పొంగుతుంది, మావాళ్లు చవుడు అంటారు. భయపడకండి, నీళ్లు బయటికి వస్తున్నాయనడానికి గుర్తు అది. పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయండి, తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది. ఈ సమయంలోనే దుకాణంలో ఎవరో ఒకరు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ డబ్బా చూపిస్తారు. లోపల తడి ఉండగా లోపలి వైపు అది పూస్తే నెమ్ము ఇంకో రెండడుగులు పైకెక్కి కొత్త చోట బయటపడుతుంది.

గోడ ఆరిందో లేదో చేత్తో తెలుసుకోలేం. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్క తీసుకుని నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా గోడకి అతికించి, రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు ముఖం మీద చెమ్మ చుక్కలు కనబడితే ఇంకా ఆరలేదు. కిందా, మధ్యలో, మూలల్లో, మూడు నాలుగు చోట్ల చూడండి, అడుగు భాగం అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది.

పగుళ్లు, ప్లాస్టర్, నేల

కనబడిన ప్రతి పగులుకీ రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి. రెండు మూడు నెలల్లో అది గీత దాటకపోతే మామూలుగా పూడ్చుకోవచ్చు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతున్నా, రూపాయి బిళ్ల దూరేంత వెడల్పున్నా, రెండు గదుల మధ్య నేల కుంగినట్టున్నా మేస్త్రితో సరిపెట్టుకోకుండా సివిల్ ఇంజనీర్‌కి చూపించండి. నేల మీద కూడా నాణెంతో తట్టి చూడండి, టైలు డొల్లగా మోగితే కింద ఇసుక జారిందని అర్థం.

కొత్త ప్లాస్టర్‌కి ఒకటికి నాలుగు పాళ్లు సిమెంటు, ఇసుక చాలు. ఇటుకల మధ్య సందులు అరంగుళం లోతు గీకించి, దుమ్ము కడిగించి వేయించాలి, లేకపోతే పట్టదు. ఏడు రోజులు క్యూరింగ్. అవును, ఆరిన గోడ మీద మళ్లీ నీళ్లు కొట్టాలి, అందుకే ప్లాస్టర్ ముక్కలు ముందే వేయించేసి, ఆ తర్వాత వేసవి మొత్తం ఆరనివ్వడం మేలు. వరద తర్వాత మేస్త్రీలు దొరకరు, దొరికినా రేట్లు పెంచుతారు. రోజు కూలీ మీద కాకుండా చదరపు అడుగు లెక్కన మాట్లాడుకుని, పని అయినంత మేరకే డబ్బు ఇవ్వండి.

రంగు

అప్పటిదాకా ఇల్లు అలా గీకిన గోడలతో ఎలా ఉంచుతాం, చుట్టాలొస్తే ఎలా అన్న టెన్షన్ నాకూ ఉండేది. దానికి మార్గం సున్నం. సున్నం పూసినా గోడ ఊపిరి పీలుస్తుంది, లోపలి తేమని ఆపదు, బూజుకి కూడా అది పడదు. సంక్రాంతికి రెండు పూతలు సున్నం వేయించుకున్నాం, పండగ జరిగిపోయింది, మధ్యలో ఎక్కడ చవుడు పొంగినా దులిపి మళ్లీ చెయ్యి పూత పూయడమే, పెద్ద ఖర్చు లేదు.

కవరు పరీక్షలో అన్ని చోట్లా పొడిగా వచ్చాకే సున్నం గట్టిగా గీకించి, ప్రైమర్, పుట్టీ, మళ్లీ ప్రైమర్, తర్వాత ఎమల్షన్. వానాకాలం మొదలయ్యే లోపు పూర్తి చేయండి. స్విచ్ బోర్డులు ఎలాగూ కొత్తగా పెడుతున్నారు కాబట్టి, అవకాశం ఉంటే పాత నీటి గీత కంటే పైకి పెట్టించండి, ఇన్వర్టర్‌కి మేడ మెట్ల మలుపులో చోటు చేయండి, దస్తావేజులు పై అంతస్తులో ఎవరి దగ్గరైనా.

మా ఇంట్లో మే నెలాఖరుకి రంగులు అయిపోయాయి, ఒక్క వంటింటి ఉత్తరం గోడ తప్ప. అక్కడ ఎండ పడదు. పోయిన వారం కూడా కవరు అతికించి చూశాను, కింద మూలలో నాలుగు చుక్కలు చెమ్మ కనబడింది. దానికి ఇంకా సున్నమే ఉంది.